నీళ్ల వార్తలో మాటెంత, అంకెంత?

2023 నవంబరు 29 అర్ధరాత్రి దాటాక ఆంధ్రప్రదేశ్ పోలీసులు నాగార్జునసాగర్ డ్యామ్ మీదికి వచ్చారు. 26 క్రస్ట్ గేట్లలో 13వ గేటు దగ్గర ముళ్లకంచె వేశారు. మర్నాడు పొద్దున కుడి కాలువకు నీళ్లు వదిలారు. ఆ రోజే తెలంగాణ శాసనసభ ఎన్నికల పోలింగ్. జరిగింది ఇది. నల్లగొండ ఒడ్డున ఇదే సంగతి ‘దండయాత్ర’, ‘కబ్జా’ అయింది. పల్నాడు ఒడ్డున ‘హక్కుల సాధన’ అయింది. కంచె ఒకటే, పేర్లు మాత్రం ఒడ్డుకొకటి.

రెండు రాష్ట్రాల నీళ్ల తగాదాను పత్రికలు, టీవీలు ఎలా చెప్తున్నాయో చూడాలంటే విశేషణాలను కాసేపు పక్కనబెట్టి అంకెలను పట్టుకోవడమే సులువైన దారి.

500 క్యూసెక్కులు

ఆ రోజు చాలా వార్తల్లో కనిపించిన లెక్క ‘గంటకు 500 క్యూసెక్కులు’. ఈ లెక్కలోనే తప్పుంది. క్యూసెక్కు అంటేనే సెకనుకు ఒక ఘనపుటడుగు. దానికి మళ్లీ ‘గంటకు’ తగిలించడమంటే బండి గంటకు 60 కిలోమీటర్ల వేగంతో ‘గంటకు’ పోతోందన్నట్టే. అయినా చదివేవాళ్లకు నీళ్లు గంటగంటకూ తరలిపోతున్నట్టు అనిపిస్తుంది.

అసలు లెక్క చూద్దాం. ఒక టీఎంసీ అంటే 100 కోట్ల ఘనపుటడుగులు. రోజంతా 11,574 క్యూసెక్కులు పారితే ఒక టీఎంసీ అవుతుంది. అదే 500 క్యూసెక్కులైతే ఒక టీఎంసీకి 23 రోజులు పడుతుంది. సాగర్ కుడి కాలువకు ఏటా కేటాయింపు 132 టీఎంసీలు. అంటే ఆ రోజు వార్తల్లో వినపడ్డ ధార ఏడాదంతా ఆగకుండా పారినా 16 టీఎంసీలు దాటదు. పోలీసులు డ్యామ్ ఎక్కడం చిన్న విషయమేమీ కాదు. 2015 ఫిబ్రవరి 13న ఇదే డ్యామ్ మీద రెండు రాష్ట్రాల పోలీసులు తోపులాడుకున్నారు. ఈసారి కేంద్ర హోంశాఖ కలగజేసుకుని నవంబరు 28 నాటి స్థితికి వెళ్లమని చెప్పింది, డ్యామ్ కాపలాను సీఆర్పీఎఫ్‌కు ఇచ్చింది. గొడవ పెద్దదే. ఆ గొడవ ఎంత పెద్దదో నీళ్లు కూడా అంతే పోయినట్టు రాయడంలోనే అతిశయోక్తి ఉంది.

299, 512

కృష్ణా నీళ్లలో బచావత్ ట్రిబ్యునల్ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు ఇచ్చింది 811 టీఎంసీలు. 2015 జూన్‌లో ఢిల్లీలో కుదిరిన సర్దుబాటులో తెలంగాణకు 299, ఆంధ్రప్రదేశ్‌కు 512 వచ్చాయి. శాతాల్లో దాదాపు 37, 63. ఒక వైపు వార్తలో 299 ‘ఒప్పుకున్న వాటా’, ఇంకో వైపు ‘ఆ ఏటికి మాత్రమే చేసుకున్న ఏర్పాటు’. నది పరీవాహకం ఎక్కడ ఎక్కువుందో చూడమని తెలంగాణ వాదిస్తుంది. ముందు నుంచి పారుతున్న ఆయకట్టును చూడమని ఆంధ్రప్రదేశ్ వాదిస్తుంది. విలేకరి దేనితో భాగించి శాతం తీశాడో అదే తీర్పులా వినిపిస్తుంది. కొత్తగా పంచమని కేంద్రం 2023 అక్టోబరులో బ్రిజేశ్‌కుమార్ ట్రిబ్యునల్‌కు అప్పజెప్పింది. ట్రిబ్యునల్ విచారణ నెమ్మదిగా సాగుతుంది, వార్తకు మాత్రం రోజూ సాయంత్రానికి ఒక తీర్పు కావాలి.

ఒకటిన్నర, మూడు

పాలమూరు–రంగారెడ్డి ఎత్తిపోతలకు 2015లో శంకుస్థాపన చేశారు. శ్రీశైలం జలాశయం నుంచి రోజుకు ఒకటిన్నర టీఎంసీ చొప్పున 60 రోజులు, మొత్తం 90 టీఎంసీలు ఎత్తిపోయాలన్నది నమూనా. 2020 మే 5న ఆంధ్రప్రదేశ్ జీవో 203 ఇచ్చింది. అదే జలాశయం నుంచి రోజుకు 3 టీఎంసీలు తీసుకునే రాయలసీమ ఎత్తిపోతలకు అది అనుమతి. మనవైపు రాతల్లో మనది ‘ఎత్తిపోత’, అవతలివాళ్లది ‘తోడివేత’. మనది ‘వరప్రదాయిని’, వాళ్లది ‘అక్రమ ప్రాజెక్టు’. ఒడ్డు దాటి చూస్తే ఇవే మాటలు తిరగబడి కనిపిస్తాయి. రాయలసీమ ఎత్తిపోతలను 2020 అక్టోబరులో, పాలమూరు పనులను 2021 అక్టోబరులో ఆపమన్నది ఒకే హరిత ట్రిబ్యునల్. కారణం కూడా ఒకటే, పర్యావరణ అనుమతి లేదని. ఈ రెండు ఆదేశాలను పక్కపక్కన పెట్టిన వార్త కోసం పాఠకుడు వెతుక్కోవాలి.

‘అన్నారు’కు 8 మారుపేర్లు

నాయకుడు మాట్లాడితే ‘అన్నారు’ అని రాయడం మన దగ్గర అరుదు. మనవాడైతే ‘స్పష్టం చేశారు’, ‘తేల్చిచెప్పారు’, ‘కుండబద్దలు కొట్టారు’. అవతలివాడైతే ‘ఆరోపించారు’, ‘బుకాయించారు’, ‘అక్కసు వెళ్లగక్కారు’. ఇద్దరికీ పనికొచ్చేవి ‘ధ్వజమెత్తారు’, ‘నిప్పులు చెరిగారు’. ‘తేల్చిచెప్పారు’ అనగానే ఆ మాట నిజమని పత్రికే సంతకం పెట్టినట్టవుతుంది. ‘బుకాయించారు’ అంటే అబద్ధమని ముద్ర వేసినట్టు. మొదటి తెలుగు దినపత్రిక పుట్టిన నాటి నుంచీ మనకు అలంకారం మీద మక్కువ ఎక్కువే. కానీ ఇక్కడ అలంకారమే న్యాయమూర్తి కుర్చీలో కూర్చుంటోంది.

354

మాటకు అంకెతో జవాబు చెప్పిన సంపాదకుడు ఈ నేలవాడే. పాలమూరు సీమలోని ఇటిక్యాలపాడుకు చెందిన సురవరం ప్రతాపరెడ్డి 1926 నుంచి గోలకొండ పత్రిక నడిపారు. తెలంగాణలో కవులు పూజ్యమని ఒకాయన రాశాడు. పూజ్యమంటే సున్నా. తిరిగి తిట్టాలంటే ప్రతాపరెడ్డి చేతిలో పత్రిక ఉంది. ఆయన మాత్రం ఊరూరి నుంచీ పద్యాలు తెప్పించి 1934లో గోలకొండ కవుల సంచిక అచ్చువేశారు. అందులో 354 మంది కవులున్నారు. ఆ సున్నా మళ్లీ లేవలేదు.

వచ్చే ఎండాకాలం సాగర్ నీటిమట్టం 510 అడుగుల వైపు దిగగానే ‘జలజగడం’, ‘దోపిడీ’ మళ్లీ మొదటి పేజీకి ఎక్కుతాయి. అప్పుడు వార్తలోని క్యూసెక్కులను 11,574తో భాగించండి, రోజుకు ఎన్ని టీఎంసీలో తెలుస్తుంది. వార్తలో భాగించడానికి అంకే లేకపోతే, ఆ విలేకరినే అడగండి.