కాలువ తవ్వే ముందు కాళ్ళ సంగతి

కొత్తకోట: ఊరికి కాలువ వస్తుందంటే రైతు మొదట అడిగేది ఒక్కటే. ఎన్ని ఎకరాలు పారుతుంది? నీళ్ళకు మొగం వాచిన పాలమూరు రైతు అలా అడగటంలో తప్పు లేదు. ఈ ప్రాంతానికి 1959లో సరళాసాగర్ వచ్చింది. తర్వాత భీమా ఎత్తిపోతల కింద కానాయపల్లి వద్ద శంకరసముద్రం వచ్చింది. అయితే వచ్చే నీళ్ళు మనిషి ఒంటికి ఏం చేస్తాయన్న లెక్క కూడా పనికి ముందే వేయవచ్చు. దీన్నే ఆరోగ్య ప్రభావ అంచనా అంటున్నారు.

ఆ లెక్క వేయకపోతే ఏమవుతుందో నల్లగొండ వాసులు చూశారు. నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబర్ 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు. 1967లో ఇందిరాగాంధీ కాలువలకు నీళ్ళు వదిలారు. బీళ్ళు మాగాణులయ్యాయి. అది కాదనలేని మేలు. కాని కొద్ది ఏళ్ళకే నల్లగొండ, ప్రకాశం జిల్లాల ఫ్లోరైడ్ గ్రామాల్లో ఎదిగే వయసు కుర్రాళ్ళ కాళ్ళు వంకర తిరగసాగాయి. మోకాళ్ళు ఒకదానికొకటి ఒరుసుకుని, పాదాలు ఎడంగా జరిగి, పరుగు మాట అటుంచి నడకే కష్టమైంది.

ఫ్లోరైడ్ జబ్బు అక్కడ కొత్త కాదు. 1937లోనే అప్పటి నెల్లూరు జిల్లాలో దాన్ని గుర్తించారు. పడుచు పిల్లల కాళ్ళు ఇలా వంగిపోవటమే కొత్త. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి దీన్ని పరిశీలించి 1973లో లండన్ 'లాన్సెట్' పత్రికలో రాశారు. తర్వాతి పరిశోధనల్లో వారు చెప్పిన కారణం ఇది: జలాశయం నుంచి, కాలువల నుంచి నీరు ఇంకి భూగర్భ జలం పైకొచ్చింది. నేలలో క్షారగుణం పెరిగింది. ఆ నేలలో పండిన జొన్నలో మాలిబ్డినం అనే లోహం ఎక్కువైంది. అది ఒంట్లోని రాగిని బయటికి తోసేస్తుంది. దానికి ఫ్లోరైడ్ తోడై ఎముక చెడింది. బియ్యం తినేవారికంటే జొన్న తినేవారిలో ఈ బాధ ఎక్కువగా కనిపించింది.

జొన్నరొట్టె, గటక పాలమూరు తిండి కూడా. దోషం జొన్నది కాదు, నేలలో వచ్చిన మార్పును ముందుగా ఎవరూ ఊహించకపోవటం వల్ల వచ్చింది. విచిత్రమేమంటే తర్వాత ఆ ఫ్లోరైడ్ గ్రామాలకు మందుగా పంపింది కూడా పైపుల్లో కృష్ణా నీళ్ళనే.

పెద్ద ప్రాజెక్టులకు పర్యావరణ అనుమతి కావాలని, ప్రజాభిప్రాయ సేకరణ జరగాలని 2006 సెప్టెంబర్ 14 నాటి కేంద్ర నోటిఫికేషన్ చెబుతోంది. అందులో ఆరోగ్యం పాలు తక్కువ. సభలోనూ నష్టపరిహారం మాటే గట్టిగా వినిపిస్తుంది, భూమి పోయేవారి బాధ అలాంటిది. ఇక ఊళ్ళో వేసే మురుగు కాలువకు, కట్టే మార్కెట్‌కు ఆ మాత్రం విచారణ కూడా లేదు. థాయ్‌లాండ్‌లో మాత్రం 2007 జాతీయ ఆరోగ్య చట్టం ప్రకారం, ఒక విధానం వల్ల తమ ఆరోగ్యానికి ఏమవుతుందో అంచనా వేయమని ప్రజలే కోరవచ్చు.

మన దగ్గర దీనికి కొత్త ఆఫీసు అక్కరలేదు. 1992 నాటి 73వ రాజ్యాంగ సవరణతో చేరిన 29 పంచాయతీ అంశాల జాబితాలో చిన్న నీటి వనరులు, తాగునీరు, ఆరోగ్యం, పారిశుధ్యం అన్నీ వున్నాయి. కొత్తకోట 2018లో మున్సిపాలిటీ అయింది. తీర్మానం రాసే ముందు కొన్ని ప్రశ్నలు వేస్తే చాలు. ఈ కాలువ నీరు ఎక్కడ నిలుస్తుంది? అక్కడ దోమ పుడితే దగ్గరి ఇళ్ళు ఎవరివి? తాగే బోరులో ఫ్లోరైడ్ ఇప్పుడు ఎంత, కాలువ వచ్చిన రెండేళ్ళకు ఎంత? జాతీయ రహదారి దాటి బడికి వెళ్ళే పిల్లలు ఎందరు? కీడు తేలితే పని ఆపనక్కరలేదు. మురుగు పోయే దారి ముందే పెట్టటం, కాలువ వాలు మార్చటం, దాటేచోట వంతెన కోరటం వంటివి ఎస్టిమేట్‌లోనే రాయించవచ్చు. పని పూర్తయ్యాక అయితే వీటికి మళ్ళీ నిధులు వెతకాలి.

ఈ అంచనాకు మొదటి ఆధారం దగ్గరలోనే వుంది. ఏ నెలలో ఏ వాడలో ఎందరికి జ్వరం వచ్చిందో ఏఎన్ఎం రాసే రిజిస్టర్లు ఉపకేంద్రాల్లో వుంటాయి. కాలువ ప్లాను పక్కన ఆ రిజిస్టరును పెట్టి చూడటానికి ఇంజనీరుకు, డాక్టరుకు ఒక పూట చాలు.