ఆపరేషన్ అయ్యాక మొదలయ్యే వైద్యం

మణికొండలో పొద్దున్నే లిఫ్టు దిగేవాళ్లలో చాలామంది మెడలో కంపెనీ ఐడీ కార్డు ఉంటుంది. దాని మీద ఉద్యోగంలో చేరిన రోజు తీసిన ఫొటో ఒక్కోసారి రక్తపరీక్ష కన్నా ముందే జబ్బును పట్టిస్తుంది. ముక్కు వెడల్పై, పెదవులు మందమై, కింది దవడ ముందుకొచ్చినా రోజూ చూసే ఇంట్లోవాళ్లకు తెలియదు. అందుకే ఎండోక్రైనాలజిస్టులు పాత ఫొటోలు తెమ్మంటారు. ఉంగరం బిగుసుకోవడం, చెప్పుల సైజు పెరగడం, గురక, కొత్తగా వచ్చిన షుగర్, ఇలా ఒక్కోదానికి ఒక్కో డాక్టరు చుట్టూ తిరిగేలోపు ఏళ్లు గడిచిపోతాయి. పియరీ మారీ అనే ఫ్రెంచి వైద్యుడు 1886లో ఆక్రోమెగలీ అని పేరు పెట్టింది ఈ జబ్బుకే.

మెదడు అడుగున శనగగింజంత ఉండే పిట్యూటరీ గ్రంథిలో ఒక కణితి పుడుతుంది. దాదాపు ఎప్పుడూ అది క్యాన్సర్ కాదు. కానీ గ్రోత్ హార్మోన్‌ను ఆపకుండా వదులుతుంది. దాని ప్రభావంతో కాలేయం ఐజీఎఫ్-1 అనే మరో హార్మోన్‌ను అతిగా తయారుచేస్తుంది. గ్రోత్ హార్మోన్ గంటగంటకూ మారుతుంది, ఐజీఎఫ్-1 నిలకడగా ఉంటుంది. అందుకే మొదట కొలిచేది దాన్నే. అనుమానం ఉంటే 75 గ్రాముల గ్లూకోజు తాగించి రెండు గంటల పాటు రక్తం తీస్తారు. ఆరోగ్యవంతుల్లో గ్రోత్ హార్మోన్ అడుగంటుతుంది, ఈ జబ్బులో తగ్గదు.

పంజాగుట్ట నిమ్స్‌లోనూ ఉస్మానియాలోనూ ఎండోక్రైనాలజీ, న్యూరోసర్జరీ రెండు విభాగాలూ ఉన్నాయి. ఈ జబ్బుకు ఆ రెండూ కలిసి పనిచేయాలి. ముక్కు ద్వారా వెళ్లి కణితిని తీస్తారు. అది 10 మిల్లీమీటర్ల లోపు ఉంటే పూర్తిగా నయమయ్యే అవకాశం ఎక్కువ. పెద్దదై పక్కనున్న రక్తనాళాన్ని చుట్టుకుంటే కొంత మిగిలిపోతుంది.

"ఆపరేషన్ అయిపోయింది కదా" అని ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకునేది ఇక్కడే. నా భయమూ ఇక్కడే. వేళ్ల వాపు, చెమట త్వరగా తగ్గుతాయి. పెరిగిన దవడ ఎముక మాత్రం వెనక్కి రాదు. ఈ మాట ముందే చెప్పకపోతే రోగి అద్దం చూసుకుని వైద్యం విఫలమైందనుకుంటాడు. విజయాన్ని చెప్పేది ఆపరేషన్ అయిన మూడు నెలలకు చేసే ఐజీఎఫ్-1 పరీక్ష. అది వయసుకు తగ్గ హద్దులోకి వస్తే ఆయుర్దాయం దాదాపు అందరితో సమానమవుతుంది.

రాకపోతే మందులు. ఆక్ట్రియోటైడ్, లాన్రియోటైడ్ ఇంజెక్షన్లు సాధారణంగా నాలుగు వారాలకొకటి. ఖరీదైనవి, పిత్తాశయంలో రాళ్లు తేవచ్చు. జబ్బు తీవ్రత తక్కువైతే క్యాబర్గోలిన్ మాత్రలు సరిపోవచ్చు, ధరా తక్కువే. పెగ్విసోమంట్ అనే మందు గ్రోత్ హార్మోన్ తయారీని ఆపదు, అది పనిచేయకుండా అడ్డుకుంటుంది. కాబట్టి అప్పుడు గ్రోత్ హార్మోన్ కొలవడం వృథా, ఐజీఎఫ్-1 ఒక్కటే చూడాలి. రేడియేషన్ ఇస్తే ఫలితానికి ఏళ్లు పడుతుంది, మిగతా పిట్యూటరీ హార్మోన్లు పడిపోవచ్చు. వాటినీ ఏటా చూడాలి. గుండెకు ఎకో, నిద్రలో ఊపిరి ఆగుతోందేమో పరీక్ష, పెద్దపేగుకు కొలనోస్కోపీ, షుగర్, బీపీ కూడా అవసరాన్ని బట్టి చూపించుకోవాలి.

తరచూ ఊళ్లు మారే ఐటీ ఉద్యోగులకు ఒక మాట గట్టిగా చెప్పాలి. ఐజీఎఫ్-1 అంకె ల్యాబుకో రకంగా వస్తుంది, పద్ధతులు వేరు. షుగర్ అదుపు తప్పినా, కాలేయం దెబ్బతిన్నా తప్పుగా తక్కువ చూపిస్తుంది. వీలైనంత వరకూ ఒకే ల్యాబులో చేయించుకోండి. బెంగళూరుకో డల్లాస్‌కో మారుతున్నప్పుడు పాత రిపోర్టులు, ఎమ్మారై బొమ్మలు, కణితి బయాప్సీ కాగితం వెంట తీసుకెళ్లండి. కొత్త ఉద్యోగంలో చేరేముందే ఆ కంపెనీ బీమాలో నెలవారీ ఇంజెక్షన్ వస్తుందో లేదో అడగండి.