కాపర్-టి వేయించుకొనిన పిమ్మట

కుటుంబ నియంత్రణమును గూర్చి రేడియోలో ఏదో ఒక మాట వినని ఇల్లు మన ప్రాంతమున అరుదు. ఏ సాధనము మేలో, అది ఎచ్చట లభించునో చెప్పువారు పెక్కుమంది కలరు. కాని కాపర్-టి వేయించుకొని ఇల్లు చేరిన స్త్రీకి మఱునాడు, మఱునెల ఏమి కలుగునో విప్పి చెప్పువారు తక్కువ. ఆ మాటనే ఇచ్చట చెప్పదలచితిమి.

ఇది చెప్పకపోవుట వలన కలిగిన నష్టమును మన దేశము ఒకమారు చవిచూచినది. అమెరికా వైద్యుడు జాక్ లిప్పీస్ రూపొందించిన ప్లాస్టిక్ లూపును 1965లో మన ప్రభుత్వము దేశమంతట ప్రవేశపెట్టెను. లక్షలాది స్త్రీలు వేయించుకొనిరి. అయితే రక్తస్రావము హెచ్చగలదని, కడుపులో నొప్పి రాగలదని వారిలో పెక్కుమందికి ముందుగా తెలియదు. వేసిన పిదప మరల చూచువారును కఱవైరి. భయపడినవారు తీయించుకొనిరి. లూపు కడుపులోనికి ప్రాకునని, గుండెకెక్కునని వదంతులు పుట్టెను. కొలది యేండ్లలోనే జనులకు దానిపై నమ్మకము సడలెను. ముందుగా చెప్పిన నొప్పిని మనిషి ఓర్చుకొనును. చెప్పని నొప్పి భయమగును.

నేడు దవాఖానలలో వేయునది ఆ లూపు కాదు, కాపర్-టి. పేరు మాత్రము పలువురి నోట నేటికిని లూపుగనే నిలిచినది. ఇది సుమారు మూడున్నర సెంటీమీటర్ల ప్లాస్టిక్ పరికరము. దానికి రాగి తీగ చుట్టియుండును. ఆ రాగి గర్భాశయములో వీర్యకణములను పనిచేయనీయదు. వేసిన దినము నుండియే రక్షణ కలుగును. నూఱుమంది వాడినచో ఏడాదిలో ఒకరికైనను గర్భము నిలుచుట అరుదు. 380-ఎ అను రకము పదేండ్లు, 375 అను రకము అయిదేండ్లు పనిచేయును. ఏ రకము వేసిరో, ఏ తేదీన వేసిరో వ్రాసిన చీటిని భద్రపఱచుకొనవలెను.

వేయించుకొనిన దినమున పొత్తికడుపున మెలిపెట్టినట్లు నొప్పి, నడుము లాగుట, కొద్దిగా రక్తపు మరక కనబడుట సహజము. ఇవి కొన్ని గంటలు గాని, రెండు మూడు దినములు గాని ఉండును. వేడినీటి కాపడము, వైద్యులు చెప్పిన నొప్పిమాత్ర చాలును.

ఆ పిదప మూడు మొదలు ఆరు నెలల వఱకు ముట్టు మునుపటికంటె హెచ్చుగా, ఒకటి రెండు దినములు ఎక్కువగా రావచ్చును. నడుమ నడుమ మరకలును కనబడవచ్చును. శరీరము అలవాటు పడిన కొలది ఇది తగ్గును. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణ స్త్రీలలో సగముకంటె ఎక్కువమందికి రక్తహీనత కలదని తేలినది. కావున ఈ నెలలలో ఆకుకూరలు, పప్పులు తినుచు, ఇనుపధాతువు మాత్రలు అడిగి తీసికొనుట అవసరము.

కాపర్-టి జాఱిపోవుట అరుదేగాని, జాఱినచో హెచ్చుగా మొదటి మూడు నెలలలో, ముఖ్యముగా ముట్టు దినములలో జాఱును. కాన్పు కాగానే వేయించుకొనినవారికి ఈ అవకాశము కొంత హెచ్చు. గర్భాశయ ముఖమున సన్నని దారములు వ్రేలాడును. ముట్టు ఆగిన పిదప చేతులు కడుగుకొని, గొంతుకూర్చుండి వ్రేలితో తాకి చూచుకొనవచ్చును. లాగరాదు. తాకి చూచుకొనుటకు జంకువారు మొదటి ముట్టు కాగానే దవాఖానకు పోయి చూపించుకొనిన చాలును.

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతములలో వేలాది స్త్రీలు పగలంతయు కూర్చుండి బీడీలు చుట్టుదురు. కూర్చుండుట వలన గాని, బిందె మోయుట వలన గాని, మగ్గముపని వలన గాని కాపర్-టి కదలదు. భర్త దుబాయికో మస్కటుకో పోయి ఏండ్లకొకమారు వచ్చు ఇండ్లును ఇచ్చట పెక్కు. ఆయన లేని కాలమున దానిని తీయించుకొనవలసిన పని లేదు. అట్టి ఇంట మొదటి నెలల అలసటను అర్థము చేసికొనవలసినవారు అత్తగారును, తోడికోడండ్రును. ఫోనులో మాటాడు భర్తయు ఈ సంగతి తెలిసియుండుట న్యాయము.

ఇక భయపడవలసిన గుర్తులు కొన్ని కలవు. మామూలుకు రెండింతల రక్తస్రావము, లేక ఎనిమిది దినములు మించిన ముట్టు, తగ్గని కడుపునొప్పి, జ్వరము, చలి, దుర్వాసనగల స్రావము, దారములు అందకపోవుట, పొడవగుట, లేక గట్టి ప్లాస్టిక్ చేతికి తగులుట, ముట్టు తప్పుట. వీనిలో ఏ ఒక్కటి కనబడినను ఆలసింపక వైద్యులకు చూపవలెను. ముట్టు తప్పి కడుపునొప్పి వచ్చినచో ఆ దినముననే పోవలెను. గర్భము గర్భాశయము వెలుపల నిలిచియుండవచ్చును. అట్టిది ప్రాణాపాయము.

కాపర్-టి గుండెకు ప్రాకదు, చనుబాలను తగ్గింపదు, సంతానశక్తిని పోగొట్టదు. సుఖవ్యాధుల నుండి మాత్రము కాపాడదు. ఆ భయమున్న చోట నిరోధ్ వాడవలెను. వేయునపుడు గర్భాశయమునకు రంధ్రము పడుట వేయింటికి ఒకటి ప్రాంతమున జరుగును. కనుకనే శిక్షణ పొందినవారి చేతనే వేయించుకొనవలెను.

బిడ్డ కావలెనన్నను, బాధ ఓర్వలేమన్నను దవాఖానలో తీయింపవచ్చును. తీసిన వెంటనే గర్భము నిలుచు అవకాశము తిరిగి వచ్చును. తీయుమని అడుగుట స్త్రీ హక్కు. దానికి కారణము చెప్పవలసిన పనియు లేదు. వేయువారు ముందుగా ఇవన్నియు చెప్పవలెను. చెప్పనిచో వేయించుకొనువారే అడిగి తెలిసికొనవలెను. అడుగుటలో సిగ్గుపడవలసినది ఏమియు లేదు.