ఇల్లు ఖాళీ చేసేముందు అమానతులు అప్పగిద్దాం

సకల స్తోత్రాలూ సర్వలోకాల ప్రభువైన అల్లాహ్‌కే శోభిస్తాయి. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం) పైన, వారి కుటుంబీకులపైన, సహచరులందరిపైన శాంతీ శుభాలూ వర్షించుగాక!



పిల్లల వార్షిక పరీక్షలు ముగిశాయంటే మన పుంగనూరులో ఇళ్లు మారే రోజులు వచ్చినట్టే. కొందరు ఉపాధి కోసం బెంగళూరుకో కోలారుకో తరలిపోతారు. కొందరు పిల్లల చదువు కోసం మదనపల్లెలో అద్దె ఇంటికి వెళతారు. తాతల నాటి మిద్దె ఇంటిని వారసులు పంచుకున్నాక చిన్న ఇంటికి మారేవారూ ఉన్నారు. పట్టణ పేదల కోసం మన రాష్ట్రంలో నిర్మించిన టిడ్కో ఇళ్లనే చూడండి. అవి 300, 365, 430 చదరపు అడుగుల కొలతల్లో ఉన్నాయి. ముప్పై ఏళ్లుగా అటక మీద పేరుకున్న సామాను అలాంటి ఇంట్లో ఎలా పడుతుంది? అందుచేత బండి రావడానికి ముందురోజు రాత్రి ప్రతి ఇంట్లోనూ ఒకటే మాట వినబడుతుంది: “ఇది మనకక్కరలేదు, ఎవరికైనా ఇచ్చేయండి, లేదంటే పారేయండి.”

ఈ ఒక్క మాటలో ఎన్ని హక్కులు ఇమిడి ఉన్నాయో నేడు ఆలోచిద్దాం. అంతకు ముందు మా వల్ల జరిగిన ఒక పొరపాటును మీ ముందు ఒప్పుకోవడం మా బాధ్యత.

మా అమ్మీజాన్ కన్నుమూసిన రెండు నెలలకు మేము పాత ఇంటిని ఖాళీ చేయవలసి వచ్చింది. తొందరలో అటక మీది రాగి దేగ్చాలు, బొంతలు, ట్రంకు పెట్టె, ఇత్తడి పాందాన్ అన్నీ దించి, అవసరంలో ఉన్న నాలుగు కుటుంబాలకు పంచిపెట్టాము. అమ్మీజాన్ పేరిట సదఖా చేశామన్న తృప్తితో ఆ రాత్రి నిద్రపోయాము. వారం తరువాత మా చెల్లెలు అత్తవారింటి నుండి వచ్చి, “భాయ్‌జాన్, అమ్మీ పాందాన్ ఏదీ?” అని అడిగింది. జరిగింది చెప్పాము. ఆమె కోపగించుకోలేదు. “ఒక్కమాట అడిగి ఉంటే మిగతావన్నీ నేనే ఇచ్చేయమనేదాన్ని. ఆ పాందాన్ ఒక్కటి నా దగ్గర ఉంచుకునేదాన్ని” అన్నది. మింబర్ పైన నిలబడి వారసత్వపు ఆదేశాలు వివరించే మాకు ఆ మాటకు జవాబు దొరకలేదు. వస్తువులకు వెల కట్టించి ఆమె వాటా ఆమెకిచ్చాము, క్షమాపణ కోరాము. ఆమె మనస్ఫూర్తిగా క్షమించింది. పాందాన్ మాత్రం తిరిగి రాలేదు.

ఆనాటి నుండి ఎవరు ఇల్లు మారుతున్నామని చెప్పినా మేము ముందుగా చెప్పేది ఇదే: ఒక వస్తువు మనకు అక్కరలేకపోయినంత మాత్రాన అది మనదైపోదు. ముందు అది ఎవరిదో తేల్చుకోవాలి, ఆ తరువాతే దాన్ని ఏం చేయాలో నిర్ణయించుకోవాలి.

ఇది ఎవరి వస్తువు?

ఇస్లామీయ చరిత్రలో ఇల్లు విడిచి వెళ్లిన సంఘటనలలో అత్యంత ప్రసిద్ధమైనది హిజ్రత్. క్రీ.శ. 622లో మక్కా అవిశ్వాసులు మహాప్రవక్త (స) ప్రాణాలు తీయడానికి కుట్ర పన్నారు. అయితే అదే పట్టణవాసులు తమ విలువైన వస్తువులను ఆయన వద్దనే దాచుకునేవారు. ఆయన నిజాయితీపై శత్రువులకు కూడా అంతటి నమ్మకం. ప్రాణాపాయం ముంచుకొచ్చిన ఆ రాత్రి కూడా ప్రవక్త (స) వారు ఆ అమానతులను మరువలేదు. వాటిని సొంతదారులకు చేర్చే పనిని హజ్రత్ అలీ (రజి) గారికి అప్పగించారు. హజ్రత్ అలీ (రజి) మూడు రోజులు మక్కాలోనే ఉండి, ఎవరి సొత్తు వారికి ముట్టజెప్పి, ఆ తరువాతే మదీనాకు బయలుదేరారు. తమను వెళ్లగొట్టినవారి సొత్తునే అంత జాగ్రత్తగా అప్పగించిన ప్రవక్త అనుచరులం మనం. మన తోబుట్టువుల సొత్తు, మన పొరుగువారి సొత్తు విషయంలో ఇంకెంత జాగ్రత్తగా ఉండాలి! అమానతులను వాటి యజమానులకు అప్పగించమని దివ్య ఖుర్‌ఆన్ కూడా ఆదేశిస్తున్నది (అన్నిసా 4:58).

కాబట్టి సామాను దించగానే దాన్ని నాలుగు రకాలుగా వేరు చేయండి.

మొదటిది, మరణించినవారి సొత్తు. పొలం, ఇల్లు, బంగారం మాత్రమే ఆస్తి అని మనలో చాలామంది భావిస్తారు. షరీఅత్ దృష్టిలో మరణించినవారి గిన్నె, గడియారం, దుప్పటి కూడా ఆస్తిలో భాగమే. అంత్యక్రియల ఖర్చు, అప్పులు, మూడింట ఒక వంతుకు మించని వీలునామా పోగా మిగిలినదంతా వారసులందరిదీ. అందులో అక్కచెల్లెళ్ల వాటా ఎవరి దయాదాక్షిణ్యమూ కాదు, అల్లాహ్ నిర్ణయించిన హక్కు. వారసులలో మైనరు పిల్లలుంటే మరింత జాగ్రత్త అవసరం. వారి వాటా నుండి దానం చేసే అధికారం ఎవరికీ లేదు. ఆ పిల్లవాడు “సరే” అన్నా ఆ అనుమతి చెల్లదు. అనాథల సొమ్మును అన్యాయంగా తినేవారు తమ కడుపుల్లో నిప్పునే నింపుకుంటున్నారన్న హెచ్చరిక (అన్నిసా 4:10) మన అటక మీది సామానుకు కూడా వర్తిస్తుంది.

రెండవది, భార్య సొత్తు. పెళ్లినాడు పుట్టింటివారు ఆమెకిచ్చిన బీరువా, మంచం, వంటపాత్రలు, బంధువులు ఆమెకిచ్చిన కానుకలు ఆమెవే. పాతబడ్డాయి కదా అని ఆమె సమ్మతి లేకుండా అమ్మడానికీ ఇచ్చివేయడానికీ భర్తకు హక్కు లేదు.

మూడవది, అడిగి తెచ్చుకున్నవి. పెళ్లికని తెచ్చిన దేగ్చా, ఇంటికి సున్నం కొట్టడానికి తెచ్చిన నిచ్చెన, చదువుతామని తెచ్చిన పుస్తకం. చిన్నపాటి వాడుక వస్తువులను కూడా ఇతరులకు ఇవ్వనివారిని ఖుర్‌ఆన్ మందలించింది (అల్ మాఊన్ 107:7). పొరుగువారు ఆ మందలింపుకు భయపడి మనకు ఇచ్చారు. మనం తిరిగి ఇవ్వకపోతే రేపు ఇంకొకరు అడిగినప్పుడు వారి చేయి వెనక్కి పోతుంది. ఆ పాపంలో మనకూ భాగం ఉంటుంది.

నాలుగవది, నిజంగా మన సొంతమైనది. ఇకపై చెప్పబోయేదంతా దీని గురించే.

ఇచ్చేది ఇవ్వదగినదేనా?

కళ్లు మూసుకుంటే తప్ప మీరే పుచ్చుకోలేని నాసిరకం వస్తువులను అల్లాహ్ మార్గంలో ఇవ్వకండని దివ్య ఖుర్‌ఆన్ బోధిస్తున్నది (అల్ బఖర 2:267). మీకు ప్రియమైన దాని నుండి ఖర్చు చేయనంతవరకు పుణ్యస్థాయికి చేరలేరన్న ఆయతు (ఆలి ఇమ్రాన్ 3:92) అవతరించినప్పుడు హజ్రత్ అబూ తల్హా (రజి) మదీనాలో తమకు అన్నిటికన్నా ఇష్టమైన బైరుహా తోటను సమర్పించారు. ప్రవక్త (స) వారి సలహా మేరకు దాన్ని తమ దగ్గరి బంధువులకే పంచారు. ఇల్లు మారేటప్పుడు మనం ఇచ్చేవి అంత ప్రియమైనవి కావు, నిజమే. కనీసం తీసుకునేవారు తలవంచుకోవలసినవి కాకుండా చూసుకుందాం. బట్టలు ఉతికి, ఊడిన గుండీలు కుట్టి, మడతపెట్టి ఇద్దాం. పొయ్యికి పైపు మార్చి ఇద్దాం. చిరిగి, మరకలుపడిన పరుపును పేదవాడి గుమ్మంలో దించడం దానం అనిపించుకోదు. మన చెత్తను అతనిచేత మోయించడం అవుతుంది.

మరొక మాట. పనిమనిషికి పాత చీర ఇచ్చి ఆ నెల జీతంలో కోసుకోవడం, లేదా “అన్ని సామాన్లు ఇచ్చాము కదా” అని అదనపు పని చేయించుకోవడం దానం కాదు. ఎత్తిపొడుపులతో, మనసు నొప్పించడంతో సదఖాను వ్యర్థం చేసుకోవద్దని ఖుర్‌ఆన్ హెచ్చరించింది (అల్ బఖర 2:264). ఇస్తున్నప్పుడు ఫొటో తీసి పదిమందికి పంపడం కూడా మనసు నొప్పించడమే. అన్షు గుప్తా 1999లో ఢిల్లీలో ప్రారంభించిన ‘గూంజ్’ సంస్థ సేకరించిన బట్టలను ఊరికే పంచదు. గ్రామస్థులు బావులు తవ్వుకుని, దారులు బాగుచేసుకుంటే, ఆ శ్రమకు ప్రతిఫలంగా అందజేస్తుంది. పుచ్చుకునేవారి గౌరవాన్ని కాపాడే ఈ పద్ధతికి పేరు తెచ్చిన ఆయనకు 2015లో రామన్ మెగసెసే పురస్కారం లభించింది.

వస్తువు ఒక జీవనోపాధి కూడా కాగలదు. ఒక అన్సారీ యాచనకు వచ్చినప్పుడు ప్రవక్త (స) వారు ఆయన ఇంట్లో ఏమున్నదని అడిగారు. ఉన్నవి ఒక ముతక గుడ్డ, ఒక గిన్నె మాత్రమే. వాటిని తెప్పించి, వేలం వేసి, రెండు దిర్హమ్‌లకు అమ్మారు. ఒక దిర్హమ్‌తో ఇంటికి ఆహారం, మరొకదానితో గొడ్డలి కొనమన్నారు. ఆ గొడ్డలికి తమ చేతులతో స్వయంగా పిడి బిగించి, కట్టెలు కొట్టి అమ్ముకోమని పంపారు. పదిహేను రోజుల తరువాత ఆయన పది దిర్హమ్‌లు సంపాదించి తిరిగి వచ్చారని అబూ దావూద్ హదీసు గ్రంథంలో ఉన్నది. మీ ఇంట మూలనపడిన కుట్టుమిషను, సైకిలు, తోపుడుబండి, పనిముట్ల పెట్టె ఎవరి చేతిలో గొడ్డలి కాగలదో ఆలోచించండి.

వస్తురూపంలో జకాత్ చెల్లించదలచినవారు ఒక నియమం గుర్తుంచుకోవాలి. లెక్క వేయవలసింది మీరు కొన్న ధర కాదు, నేడు అంగట్లో దానికి పలికే ధర. అర్హుడైన పేదవానికి దాన్ని పూర్తిగా సొంతం చేయాలి.

అమ్మేటప్పుడు, పారవేసేటప్పుడు

ఒకసారి ప్రవక్త (స) వారు బజారులో ధాన్యపు రాశిలోకి చేయి పెట్టి చూడగా లోపల తడి తగిలింది. తడిసిన దాన్ని అందరికీ కనబడేలా పైన ఎందుకు పెట్టలేదని వర్తకుణ్ణి నిలదీశారు. మోసగించేవాడికి తమతో సంబంధం లేదని ప్రకటించారు. ఫ్రిజ్‌లో చల్లదనం నిలవదని, మోటారు వేడెక్కుతుందని ముందే చెప్పి అమ్మండి. వంద రూపాయలు తగ్గితే తగ్గనివ్వండి, శుభం మిగులుతుంది. పాత ఫోన్లు అమ్మేముందు అందులోని కుటుంబ స్త్రీల ఫొటోలు, బ్యాంకు వివరాలు పూర్తిగా చెరిపివేయండి. ఇంటివారి పరువు కూడా ఒక అమానతే.

పనికివచ్చేదాన్ని పారవేయడం మన ధర్మానికి నచ్చదు. చనిపోయిన ఒక గొర్రెను చూసి, దాని తోలును ఎందుకు ఉపయోగించుకోలేదని ప్రవక్త (స) అడిగారు. ఇక నిజంగా పనికిరానిదాన్ని ఎవరికీ హాని లేకుండా వదిలించుకోవాలి. దారిలోని హానికర వస్తువును తొలగించడం విశ్వాసంలో ఒక శాఖ అని మనం పిల్లలకు నేర్పుతాము. మరి బండి ఎక్కేముందు పగిలిన అద్దాలు, విరిగిన కుర్చీలు కాలువలోకి నెట్టిపోతే, అదే శాఖను మన చేతులతో నరికినట్టు కాదా? ఇంట్లోనే తడి చెత్త, పొడి చెత్త, హానికర చెత్త వేరు చేయాలని 2016 నాటి ఘనవ్యర్థాల నిబంధనలు చెప్పాయి. గొట్టపు దీపాల్లో పాదరసం, ఇన్వర్టర్ బ్యాటరీల్లో సీసం ఉంటాయి. రాగి కోసం వైర్లు కాల్చితే వచ్చే పొగ పొరుగింటి పసిపాప ఊపిరిలోకి పోతుంది. పాత బ్యాటరీని కొత్తది కొన్న అంగడిలోనే ఇవ్వండి. పాడైన విద్యుత్ పరికరాలను చెత్తలో కలపకండి.

చిరిగిన ఖుర్‌ఆన్ ప్రతులు, ఆయతులు ముద్రించిన క్యాలెండర్లు పాత కాగితాల తూకంలోకి పోనివ్వకండి. చదవడానికి వీలైన ప్రతులను మదర్సాకు ఇవ్వండి. వీలుకానివాటిని శుభ్రమైన గుడ్డలో చుట్టి, ఎవరూ తొక్కని చోట పాతిపెట్టండి.

అటక చెప్పే లెక్క

అవసరానికి మించి ఇంట్లో పడివున్న సామానుకు హనఫీ ధర్మశాస్త్రంలో ఒక లెక్క ఉన్నది. అప్పులు పోగా, అలాంటి సామాను విలువ మిగతా ధనంతో కలిపి 52.5 తులాల వెండి, అంటే సుమారు 612 గ్రాముల వెండి ధరకు చేరితే, ఆ మనిషిపై ఫిత్రా, ఖుర్బానీ విధి అవుతాయి. “మాకేమున్నది?” అనుకునే ఎన్ని ఇళ్లలో అటక వేరే సాక్ష్యం చెబుతుందో! మన ఊరి పేరును దేశమంతటా చాటినది పుంగనూరు పొట్టి ఆవు. కొద్ది చోటులో ఇమిడి, కొద్ది మేతతో బతికి, చిక్కని పాలిస్తుంది. దాని పేరు చెప్పుకుని గర్వించే మనం దాని నుండి ఇంత మాత్రం నేర్చుకుంటే చాలు.

ఒకసారి ప్రవక్త (స) వారి ఇంట మేకను కోసి మాంసం పంచిపెట్టారు. ఏం మిగిలిందని ఆయన అడగగా, భుజం ముక్క తప్ప మరేమీ మిగలలేదని హజ్రత్ ఆయిషా (రజి) బదులిచ్చారు. ఆ భుజం తప్ప మిగతాదంతా మిగిలిందని ఆయన సవరించారు. బండిలో ఎక్కించిన సామాను కొత్త ఇంటివరకే వస్తుంది. హక్కుదారుకు అప్పగించినదీ, మంచి మనసుతో ఇచ్చినదీ మనకంటే ముందే అసలైన ఇంటికి చేరి ఉంటుంది. ఆ ఇంటికి మనం మారేనాడు అటక దించే అవకాశం మనకుండదు, ఆ పని ఇతరులు చేస్తారు. వారికి ఇతరుల సొత్తు దొరకకుండా చూసుకోవడం నేడు మన చేతిలో ఉన్నది.

కాబట్టి బండికి చెప్పేముందు అక్కచెల్లెళ్లకు ఫోన్ చేయండి. ఇంట్లో ఇల్లాలిని అడగండి. పొరుగువారి తలుపు తట్టండి. అటక ఆ తరువాత దించవచ్చు.

ఓ అల్లాహ్! మా ఇళ్లలో ఉన్న ఇతరుల హక్కులను మా కళ్లకు చూపించు. వాటిని అప్పగించే ధైర్యాన్ని మాకు ప్రసాదించు. మేము ఇచ్చేవాటిని స్వీకరించు. మేము చేసిన పొరపాట్లను మన్నించు. వెళ్లిన ప్రతి ఇంట్లో మాకు శుభం కలిగించు. ఆమీన్.