మీకు తెలుసా? కారే చెమట, ఆరే చెమట

కలకత్తా సాల్ట్ లేక్‌లో బనబితాన్ పార్కు చుట్టూ పొద్దున్నే నడిచేవాళ్ళకి వానాకాలంలో రెండో చుట్టు తిరిగేసరికే చొక్కా వీపుకి అంటుకుపోతుంది. 1960లలో హుగ్లీ పూడికమట్టిని గొట్టాల్లో పారించి, ఉప్పు చిత్తడి నేలల్ని మెరక చేసి కట్టిన ఊరిది. ప్లాను గీసింది యుగోస్లావియా ఆర్కిటెక్ట్ దోబ్రివోయె తోష్కోవిచ్. పట్టుబట్టి పని మొదలుపెట్టించింది ముఖ్యమంత్రి బిధాన్ చంద్ర రాయ్, స్వయంగా పేరున్న డాక్టరు. తూర్పు పక్క ఇప్పటికీ చెరువులే. ఈ కాలంలో పొద్దుటిపూట గాలిలో తేమ 80 శాతం దాటడం మామూలు కాబట్టి ఇక్కడ చెమట ఆరదు, కారుతుంది. లీటరు చెమట ఒంటిమీదే ఆవిరైతే సుమారు 580 కిలో క్యాలరీల వేడిని పట్టుకుపోతుంది. బొట్లు బొట్లుగా నేల రాలిన చెమటతో ఒళ్ళు చల్లబడదు. తడిసి ముద్దయితేనే కసరత్తు చేసినట్టని మురిసిపోయేవాళ్ళు కాస్త ఆలోచించాలి.

అలాగని చెమట చెడ్డదేమీ కాదు. అందులో డెర్మ్‌సిడిన్ అనే సూక్ష్మజీవినాశిని ఉందని 2001లో జర్మనీలోని ట్యూబింగెన్ పరిశోధకులు కనిపెట్టారు. చర్మం తనకు కావలసిన మందు తనే చేసుకుంటుందన్నమాట.

ఊరికే కూర్చున్నప్పుడు చర్మానికి నిమిషానికి అరలీటరు లోపే రక్తం అందుతుంది. ఒళ్ళు బాగా వేడెక్కితే అది ఆరేడు లీటర్లదాకా పెరగగలదు. వ్యాయామం చేసినవాళ్ళ ముఖంలో కనిపించే ఆ ఎరుపూ కళా కాసేపే ఉంటాయి. మరి నిలిచేదేమైనా ఉందా? కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయంలో 65 ఏళ్ళు దాటిన, కదలకుండా కూర్చునే అలవాటున్న కొందరిచేత వారానికి రెండుసార్లు చొప్పున మూడు నెలలు వ్యాయామం చేయించారు. ముందూ తర్వాతా చర్మం ముక్క తీసి చూశారు, అదీ పిరుదు మీద. ఎండ తగలని చోటు కదా! పైపొర పలచబడి, లోపలి పొర మందమై, ఆ చర్మం తక్కువ వయసువాళ్ళ చర్మాన్ని పోలిందట. చూసింది కొద్దిమందినే, కాబట్టి అద్దం ముందు అద్భుతాలు ఆశించకండి. 2023లో జపాన్‌లోని రిత్సుమెయికాన్ విశ్వవిద్యాలయం వాళ్ళు నడివయసు ఆడవాళ్ళతో చేసిన పరిశోధనలో ఇంకో సంగతి తేలింది. ఏరోబిక్ వ్యాయామమైనా, బరువులెత్తే వ్యాయామమైనా 16 వారాల్లో చర్మం సాగే గుణం మెరుగుపడింది, కానీ లోపలి పొరను మందం చేసింది మాత్రం బరువులే. డంబెల్స్ మగపిల్లల సొత్తనుకునే అత్తయ్యలకు ఎవరైనా ఈ మాట చేరవేస్తే బాగుణ్ను.

అసలు తంటా కసరత్తు అయ్యాక మొదలవుతుంది. తడిసిన టీషర్టుతోనే క్యాబ్ ఎక్కి సాల్ట్ లేక్ సెక్టర్ ఫైవ్ ఆఫీసులో ఏసీ కింద కూర్చునే కుర్రాళ్ళకి గజ్జల్లో, చంకల్లో, నడుము పట్టీ కింద ఎర్రటి వలయాలు మొదలవుతాయి. తామరే. అంచు కాస్త ఉబ్బి, మధ్యలో మామూలుగా ఉండి, రాత్రిళ్ళు నిద్రపోనివ్వనంత దురద. సిగ్గుపడి డాక్టరు దగ్గరికి వెళ్ళరు. మందుల షాపతను క్లోబెటసాల్ అనే బలమైన స్టెరాయిడూ, బ్యాక్టీరియా మందూ, ఫంగస్ మందూ కలగలిపిన ట్యూబు ఇస్తాడు. రెండు రోజుల్లో దురద మాయం! తగ్గింది దురదే, ఫంగస్ లోపల హాయిగా పెరుగుతుంటుంది. పూత ఆపగానే వలయాలు రెట్టింపై తిరిగొస్తాయి. పైగా చర్మం పలచబడి తొడల మీద చారలు పడతాయి, అవి పోవు. ఇదే రకం క్రీముల్ని తెల్లబడాలని ముఖానికి రాసుకుని, మానలేని స్థితికొచ్చినవాళ్ళ సంగతి కలకత్తా చర్మవైద్యులు కౌశిక్ లాహిరి, అరిజిత్ కుండూ ప్రత్యేకంగా పేరు పెట్టి మరీ రాశారు. ఇక ఫంగసేమో మొండికేసింది. టెర్బినాఫిన్ అనే ఫంగస్ మాత్రకు లొంగని ఒక రకానికి 2020లో జపాన్ శాస్త్రవేత్తలు ‘ట్రైకోఫైటాన్ ఇండోటినియే’ అని నామకరణం చేశారు. మన దేశం పేరు అలా కూడా కలిసింది.

చేయాల్సిందల్లా తడిబట్టలు వెంటనే విప్పి, గోరువెచ్చని నీళ్ళతో స్నానం చేసి, గజ్జలూ కాలివేళ్ళ సందులూ పొడిగా తుడుచుకోవడం. తువ్వాలు ఎవరిది వాళ్ళదే. పీచుతో ఎర్రబడేలా తోమక్కర్లేదు. తొడలు ఒరుసుకుని మంటపుడితే 1929 నుంచీ బెంగాల్ ఇళ్ళలో ఉన్న ఆ ఆకుపచ్చ ట్యూబు బోరోలీన్ రాసుకోవచ్చుగానీ, తామరకు అది మందు కాదు.

ఇక ఎండ సంగతి. హైదరాబాద్ నుంచి ఇక్కడికి వచ్చినవాళ్ళు గడియారాన్ని నమ్మి మోసపోతారు. జూన్‌లో అక్కడ సూర్యుడు వచ్చేది 5.40 ప్రాంతంలో, ఇక్కడ 5 కూడా కాకముందే. కాబట్టి ఏడింటికి బయల్దేరినా తగిలేది దాదాపు అక్కడి ఎనిమిదింటి ఎండ. నల్లబడటమే కాదు, చర్మానికి ముడతలు తెచ్చేవాటిలో మొదటి ముద్దాయి ఎండే, రెండోది సిగరెట్టు.

చివరగా నూనె సంగతి. బెంగాలీలు స్నానానికి ముందు పిల్లలకు ఆవనూనె పట్టిస్తారు, మనం నువ్వులనూనె. 2002లో గ్యారీ డార్మ్‌స్టాట్ అనే పరిశోధకుడి బృందం పైపొర దెబ్బతిన్న చిట్టెలుక చర్మం మీద కొన్ని నూనెలు పూసి చూసింది. పొద్దుతిరుగుడు నూనె రాసిన చోట చర్మం త్వరగా కోలుకుంటే, ఆవనూనె రాసిన చోట ఆలస్యమైంది. తర్వాత ఢాకా శిశు ఆసుపత్రిలో నెలలు నిండకుండా పుట్టిన పిల్లలకు పొద్దుతిరుగుడు నూనె రాస్తే ఇన్ఫెక్షన్లు తగ్గాయి. కండలు తిరిగిన పెద్దవాళ్ళకి ఆవనూనె మర్దనా వల్ల కీడేమీ జరిగిపోదుగానీ, చెమటకాయలు లేచిన పసిబిడ్డకి మాత్రం వద్దు. ఈ మాట బెంగాలీ వియ్యపురాలితో చెప్పడం ఎలాగన్నది మీకే వదిలేస్తున్నా.