పాట, బాట, మాట

మాటలో ఏ లోపం కనబడినా దానిని "నత్తి" అనే ఒక్క పేరుతో సరిపెట్టడం మనవారి అలవాటు. "క... క... కమల" అని మొదటి అక్షరం దగ్గరనే చిక్కుకొనే యువకునిదీ నత్తే, "రాముడు" అనబోయి "లాముడు" అనే చిన్నవానిదీ నత్తే, చీలిన అంగిలితో పుట్టి ముక్కుతో పలికే పిల్లదీ నత్తే. నిజానికి మొదటివానికి ధ్వనులన్నీ వచ్చును. వాటి ప్రవాహానికే అడ్డు. రెండవవానికి ఒక ధ్వని ఇంకా పట్టుబడలేదు. ఆ పిల్లకో, నోటివెంట పోవలసిన గాలి దారి తప్పుతున్నది. పేరు ఒక్కటే కావడంచేత ముగ్గురికీ దక్కే వైద్యమూ ఒక్కటే: నాలుకకు వసకొమ్ము రాయడం, లేదా పెద్దయితే అదే పోతుందని ఊరుకోవడం. చిన్నవాని విషయంలో ఊరుకోవడం తప్పు కాకపోవచ్చును. పిల్ల విషయంలో అది విలువైన సంవత్సరాలను పోగొట్టడమే.

ఈ భేదాన్ని తేల్చేది ధ్వనిశాస్త్రం. ఏ హల్లునైనా అది మూడు విధాల విచారిస్తుంది: నోటిలో ఎక్కడ పుట్టింది, గాలిని ఎట్లా అడ్డగించింది, కంఠంలో నాదం ఉన్నదా లేదా. మనకిది కొత్త విద్య కాదు. ప్రాచీన శిక్షాగ్రంథాలు స్థానమనీ ప్రయత్నమనీ విచారించినవి ఈ సంగతులనే. మన వర్ణమాలలో క, చ, ట, త, ప వర్గాలు నోటి వెనుకనుండి పెదవులవరకు వరుసగా సాగుతాయి. పరుష సరళాల భేదమంటే నాదం లేకపోవడమూ, ఉండడమూను. "క"ను కంఠ్యమన్నారు గాని, అది పుట్టేది నాలుక వెనుకభాగం మెత్తని అంగిలిని తాకినచోట. పలక పట్టిన ప్రతివాడూ ఈ శాస్త్రాన్ని వల్లించినవాడే. అది శాస్త్రమని ఎవరూ చెప్పకపోవడమే లోటు.

"కాకి"ని "తాతి" అనీ, "గాజు"ను "దాజు" అనీ పలికే పిల్లవానికి రెండు అక్షరాలు రావని తల్లి అనుకుంటుంది. పరీక్షకునికి కనబడేది ఒకే దోషం. రెండింటా స్థానం ముందుకు జరిగి దంతాలవద్దకు వచ్చింది. నాదం మాత్రం చెదరలేదు. పరుషం పరుషంగానే, సరళం సరళంగానే ఉన్నది. రెండేండ్ల పసివానికి ఇది సహజం. సాధారణంగా నాలుగవ ఏటికి సర్దుకుంటుంది. బడి ఈడు వచ్చినా నిలిచి ఉంటే చూపించవలసిందే.

పాట, బాట, మాట అనే మూడు పదాలను అద్దంముందు పలికి చూడండి. మూడింటికీ పెదవులు ఒకే తీరున మూసుకొని తెరచుకుంటాయి. "ప"లో పెదవులు మూసి ఉన్నంతసేపూ కంఠం మౌనం. "బ"లో నాదం ఉన్నది. "మ"లో నాదంతోపాటు మెత్తని అంగిలి కిందికి దిగి గాలి ముక్కుకు పోతుంది. పడిశం పట్టినవాని నోట "మామ" అనేది "బాబ"గా వినబడడానికి కారణమిదే: ముక్కుదారి మూసుకుపోయింది. అంగిలి చీలిన పిల్లది దీనికి తారుమారు. మూతపడవలసిన దారి మూతపడదు. "బాబు" "మాము"కు దగ్గరగా వినిపిస్తుంది. ముక్కుకింద చల్లని అద్దం పట్టి, అనునాసికాలు లేని "పాప", "తాత" వంటి మాటలు అనిపిస్తే అద్దంమీద ఆవిరి కమ్ముతుంది. ఇంత చవకైన పరికరం వైద్యంలో అరుదు.

ఈ మూడు పదాలే మరొక సంగతినీ బయటపెడతాయి. సరిగా వినబడని బిడ్డ ఎదుటివారి పెదవులను చూచి మాట నేర్చుకొనజూస్తుంది. ఆ పెదవులమీద పాటకూ బాటకూ మాటకూ తేడా లేదు. కనుక ఈ ధ్వనులను కలగలిపే బిడ్డ నాలుకను తప్పుపట్టకముందు చెవిని పరీక్షింపవలె. పుట్టిన కొద్దిరోజులకే వినికిడిని పరీక్షించే సాధనాలు నేడు ఉన్నవి.

దోషం కానిదానిని దోషమనడం ఇంకొక అన్యాయం. "చలి"లోని చకారం దంత్యం, "చీమ"లోనిది తాలవ్యం. చిన్నయసూరి 1858 నాటి బాలవ్యాకరణంలోనే ఈ భేదాన్ని గుర్తించాడు. "భాష"ను "బాష" అనడమూ, "ణ"ను "న"గా పలకడమూ వాడుకలూ మాండలికాలూ గాని రోగాలు కావు. ఊరిలో పెద్దలందరూ అట్లే పలుకుతుంటే పిల్లవానికి చికిత్స ఎందుకు?

అందుచేత పరీక్షకుడు రాసుకొనవలసినది అక్షరాన్ని కాదు, తాను విన్న ధ్వనిని. 1886లో పారిస్‌లో ఏర్పడిన అంతర్జాతీయ ధ్వనిశాస్త్ర సంఘం అందుకు తగిన లిపిని సమకూర్చింది. దోషయుక్తమైన పలుకును గుర్తించడానికి అదనపు సంకేతాలు 1990లో ఏర్పడినవి. ఇంగ్లీషు పరీక్షలను తెనిగించి వాడుకుంటే చాలదు. ఆ భాషలో పదాల చివర హల్లులు విస్తారం. తెలుగు పదం చాలావరకు అచ్చుతోనే ముగుస్తుంది. మన బిడ్డ "గద"కూ "గద్ద"కూ, "కల"కూ "కళ"కూ తేడా చూపగలదా అన్నది ఇంగ్లీషు పరీక్షలో దొరకదు.

ఇక "తాతి" అనే పిల్లవాని చికిత్స. శిక్షకురాలు చదునైన చెక్కపుల్లతో అతని నాలుక కొనను మెల్లగా అదిమిపట్టి "త" అనమంటుంది. కొన పైకి లేవడానికి వీలుండదు. వెనుకభాగమే లేచి అంగిలిని తాకుతుంది. వచ్చేది "క". అందరికీ మొదటిరోజే రాదు. వచ్చినవానిచేత "కా", "కీ" అని గుణింతం పలికించి, తరువాత పుల్ల తీసివేసి, గోడమీది బొమ్మ చూపిస్తారు.