పొత్తిళ్ళలోని పాతగుడ్డ

కూతురికి నెలలు నిండుచుండగనే తల్లి ట్రంకుపెట్టె తెరచును. ఏండ్ల తరబడి కట్టి, ఉతికి, వెన్నవలె మెత్తబడిన నూలుచీరలను బయటకు తీసి, గరుకైన అంచులు చించివేసి, చదరపు ముక్కలుగా కోయును. అవియే పొత్తిగుడ్డలు. పురుడు వెళ్ళునంతవరకు, కొన్ని యిండ్లలో బారసాలనాటి వరకు, బిడ్డకు కొత్తబట్ట తొడుగకూడదని తెలుగునాట పలు కుటుంబముల ఆచారము. దృష్టిదోషము మొదలుకొని కారణములు పలువురు పలు విధములుగా చెప్పుదురు. కారణమేదైనను ఆచారము మాత్రము బిడ్డకు మేలుచేయునదే.

అప్పుడే పుట్టిన శిశువు చర్మము మిక్కిలి పలుచన. అంగడినుండి వచ్చిన కొత్తబట్టలో గంజియు, బట్టలమిల్లులో అద్దిన రసాయనములును ఉండవచ్చును. వందసార్లు ఉతికిన చీరలో అవి మిగులవు. నూలు చెమటను పీల్చును. నైలాను అంతగా పీల్చదు. లేసులు కుట్టిన నైలాను గౌను ఛాయాచిత్రమునకు అందము కావచ్చును గాని, దానిని తొడుగుకొన్నవారి అభిప్రాయము ఏడుపు రూపమున వెంటనే తెలియును.

గర్భములోని వెచ్చదనమునుండి తడిమేనితో వెలుపలికి వచ్చిన శిశువు త్వరగా చల్లబడును. బరువుతో పోల్చి చూచినచో శిశువు దేహవైశాల్యము పెద్దలకంటె ఎక్కువ. పెద్దలవలె వణకి వేడి పుట్టించుకొను శక్తియు లేదు. అందువలననే పుట్టగనే తుడిచి, తల్లి రొమ్ముపై ఆనించి, తలకు కుల్లాయి పెట్టుదురు. మొదటి స్నానమునకు కనీసము 24 గంటలు ఆగవలెనని ప్రపంచ ఆరోగ్యసంస్థ చెప్పుచున్నది. తరువాతి దినములలో, పెద్దలు తొడుగుకొన్నదానికంటె ఒక పొర అదనముగా ఉన్న చాలును. లంబసింగి చలికి చెప్పిన మాట రెంటచింతల వేసవికి చెల్లదు; అక్కడ ఒక పలుచని చొక్కాయే అధికము కావచ్చును. చేతులు చల్లగా నున్నవని కంగారుపడి కంబళి కప్పువారు కలరు. శిశువుల చేతులు, పాదములు సాధారణముగా చల్లగనే యుండును. మెడవెనుకనో, రొమ్ముపైననో చేయి వేసి చూడవలెను. అక్కడ చెమట తగిలినచో ఒక పొర తీసివేయవలసినదే. నిద్రపుచ్చునప్పుడు వెల్లకిల పరుండబెట్టి కుల్లాయి తీసివేయవలెను. అది జారి ముక్కును మూయవచ్చును. తలనుండి పోవలసిన వేడిని ఆపవచ్చును. నెలతక్కువ బిడ్డ సంగతి వేరు. అక్కడ వైద్యుని మాటయే ప్రమాణము.

బిగించి చుట్టుటయందును జాగ్రత్త అవసరము. జపాను దేశమున పూర్వము శిశువుల కాళ్ళు చాచి బిగించి చుట్టెడివారు. తుంటికీలు తొలగిన పిల్లలు ఎక్కువగా కనబడుటచే 1975 నుండి అక్కడి వైద్యులు ఆ అలవాటును మాన్పింపబూనిరి. ఆ బాధయు చాలవరకు తగ్గెను. మన తల్లులు బిడ్డను చంకనెత్తుకొన్నప్పుడు కాళ్ళు చెరియొక ప్రక్కకు విడివడి యుండును. తుంటికి అది మేలైన స్థితి. పొత్తిళ్ళలోను కాళ్ళు ముడుచుకొనుటకు చోటు విడువవలెను. మొలకు చుట్టు గుడ్డను పచ్చిబొడ్డునకు తగులకుండ దిగువనే మడిచి, పిన్నీసు పెట్టక ముడివేయవలెను. మెడలో త్రాడేదియు వేయరాదు.

ఇక పెట్టె సంగతి. పాతచీరలు తీసిన ఆ పెట్టెలోనే అసలు అపాయము పొంచియున్నది. పురుగు పట్టకుండ బట్టల నడుమ వేయు కలరా ఉండలను సాధారణముగా నాఫ్తలీనుతో చేయుదురు. కొందరు శిశువుల ఎఱ్ఱ రక్తకణములలో జి-6-పి-డి అను ఎంజైము పుట్టుకతోనే లోపించి యుండును. ఈ లోపము మగపిల్లలలో ఎక్కువ, చూచినంతమాత్రమున తెలియదు. నాఫ్తలీను ఆవిరి పీల్చినను, అది చర్మముద్వారా ఇంకినను అట్టి శిశువుల రక్తకణములు చితికిపోవును. కామెర్లు ముదిరినచో మెదడునకే హాని కలుగవచ్చును. ఆ ఉండల ఆవిరి సోకిన నవజాత శిశువులకు ఇట్టి ప్రమాదము కలిగినట్లు 1963లో గ్రీసుదేశపు వైద్యులు ప్రకటించిరి. నూనె రాచిన మేనిలోనికి నాఫ్తలీను మరింత సులువుగా ఇంకును. నూనె రాయనిదే మన యిండ్లలో బిడ్డకు స్నానమే లేదు గదా!

కావున ఆ వాసన పట్టిన చీర ఎంత మెత్తనిదైనను పొత్తిళ్ళకు పనికిరాదు. దానికంటె దండెముపై ఆరు నిత్యపుచీరయే మేలు. దానిని సబ్బుతో ఉతికి, మంచినీట పలుమారు జాడించి, ఎండలో ఆరవేసి, ఏ ఉండయు లేని శుభ్రమైన గుడ్డలో మూటగట్టి ఉంచవలెను. పుట్టిన బిడ్డ కన్నులు పసుపుబారినను, పాలు త్రాగక మగతగా నున్నను, మూత్రము నల్లబారినను ఆనాడే వైద్యుని కడకు కొనిపోవలెను. పెట్టెలోని ఉండల మాటయు ఆయనకు చెప్పవలెను.